బడికి గది, పిల్లలకు కౌన్సెలర్: ప్రభుత్వ నిధులు అడగడం నుంచి ఖర్చు లెక్క (యూసీ) పంపడం దాకా

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రభుత్వ, స్థానిక సంస్థల బడులు నడిపే హెచ్‌ఎంలకు, బడి కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులకు ఈ వివరాలు. పథకాల పేర్లు మారుతుంటాయి. ఏపీలో 2019 నవంబరులో నాడు-నేడు వచ్చింది, తెలంగాణలో 2022 మార్చిలో మన ఊరు-మన బడి వచ్చింది, అక్కడే 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. ఏ పేరుతో వచ్చినా ఫైలు నడిచే దారి దాదాపు ఒకటే: యుడైస్‌లో (బడుల వివరాలు ఏటా నమోదయ్యే ప్రభుత్వ ఆన్‌లైన్ లెక్కలో) అంకె, కమిటీ తీర్మానం, ఇంజినీరు ఎస్టిమేట్, వార్షిక ప్రణాళికలో ఒక వరస. ఈ నాలుగింటిలో ఒకటి లేకపోతే ఎమ్మెల్యే ఫోన్ చేసినా ఫైలు తిరిగొస్తుంది.

గదుల కోసం, పిల్లల మానసిక ఆరోగ్యం కోసం విడివిడిగా అడగడం చాలా బడులు చేసే పొరపాటు. కౌన్సెలర్‌ను ఇస్తామని పై నుంచి అడిగిన రోజున కూర్చోబెట్టడానికి గది ఉండదు. కొత్త గదులు కట్టేటప్పుడు ఆ చిన్న గదిని ప్లాన్‌లో పెట్టాలని ఎవరికీ తట్టదు. రెండూ ఒకే తీర్మానంలో అడగండి.

ముందు టేపు పట్టుకుని బడి చుట్టూ తిరగండి

ఇద్దరు తల్లిదండ్రులు, ఒక ఉపాధ్యాయుడు, 30 మీటర్ల టేపు, ఫోన్ కెమెరా, ఒక నోటుబుక్కు చాలు. పూట పని. వీలైతే వాన పడిన మర్నాడు తిరగండి, ఎండాకాలంలో కనిపించని తేమ మరకలు అప్పుడు తెలుస్తాయి.

ప్రతి గదికీ ఒక నంబరు వేసి, పొడవు, వెడల్పు రాయండి. స్లాబు కింద చూడండి. సున్నం పొర మాత్రమే రాలితే అది చిన్న మరమ్మతు. కాంక్రీటు పెచ్చు ఊడి తుప్పు పట్టిన ఇనుము బయటపడితే పెద్ద మరమ్మతు, లేదా గది మొత్తం పనికిరాదు. ఆ తేడా తేల్చాల్సింది ఇంజినీరు. మీరు చేయాల్సింది ఫొటో తీయడం. పగులు ఫొటోలో పక్కన స్కేలు పెట్టండి, లేకపోతే వెంట్రుక పగులు, వేలు దూరే పగులు ఫొటోలో ఒకేలా కనిపిస్తాయి. పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. రెండు నెలల తర్వాత పగులు గీత దాటి పోయిందంటే అది పెరుగుతోందని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పైకి పాకే పగుళ్లు కనిపిస్తే నేల గురించి అడగండి. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. మామూలు నేలకు వేసే పునాది అక్కడ నిలవదు. ఆ మాట ప్రతిపాదనలో ముందే రాయకపోతే ఎస్టిమేట్ సాధారణ నమూనా ప్రకారం తయారవుతుంది, తవ్వాక పునాదికి డబ్బు చాలక పని బేస్‌మట్టం దగ్గరే ఆగిపోతుంది. మొండిగోడలతో ఏళ్ల తరబడి ఆగిన బడుల్లో కొన్నిటి కథ ఇదే.

మరుగుదొడ్లు లెక్కపెట్టేటప్పుడు నీళ్లు వస్తున్నవి, లోపల గడియ పడేవి మాత్రమే లెక్కలోకి తీసుకోండి. స్వచ్ఛ విద్యాలయ ప్రమాణం ప్రకారం 40 మంది పిల్లలకు ఒక యూనిట్ ఉండాలి, అంటే ఒక మరుగుదొడ్డి, మూడు మూత్రశాలలు. గడియ లేని మరుగుదొడ్డి కాగితం మీద ఉన్నట్టే లెక్క, ఏడో తరగతి ఆడపిల్ల దృష్టిలో మాత్రం లేనట్టే. నెలలో కొన్ని రోజులు ఆ పిల్ల ఎందుకు రావడం లేదో హాజరు పట్టీ చెప్పదు.

ర్యాంపు కూడా కొలవండి. ఎత్తు ఒక అడుగైతే పొడవు 12 అడుగులు ఉండాలి. బేస్‌మట్టం 18 అంగుళాలుంటే ర్యాంపు 18 అడుగులు రావాలి. చాలా బడుల్లో మెట్ల పక్కన ఆరడుగుల ర్యాంపు పోసి వదిలేస్తారు. చక్రాల కుర్చీ దాని మీద ఎక్కదు, దిగేటప్పుడు బోల్తా పడుతుంది. యుడైస్‌లో మాత్రం ర్యాంపు ఉన్నట్టు పడుతుంది కాబట్టి మళ్లీ డబ్బు రాదు.

యుడైస్: అసలు దరఖాస్తు ఇదే

యుడైస్ ప్లస్‌కు ఆధార తేదీ సెప్టెంబరు 30. ఆ రోజుకు ఉన్న పిల్లలు, టీచర్లు, గదులు లెక్క. వచ్చే ఏడాది ప్రణాళికకు జిల్లా కార్యాలయం తీసేది ఈ లెక్కలనే.

విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలు ప్రకారం ప్రతి ఉపాధ్యాయుడికీ కనీసం ఒక తరగతి గది ఉండాలి, దానికి అదనంగా ఆఫీసు, స్టోరు, హెచ్‌ఎం గదిగా పనికొచ్చే ఒక గది. ఒక ప్రాథమిక పాఠశాల అనుకోండి: 128 మంది పిల్లలు, 5 మంది టీచర్లు, 4 గదులు. వాటిలో రెండు గదులకు స్లాబు పాడై తాళం వేసేశారు. నిజమైన లోటు 3 గదులు. కానీ పోయినేడాది ఫారం చూసి నాలుగు గదులూ చిన్న మరమ్మతు అని నింపితే, కంప్యూటర్ దృష్టిలో లోటు ఒకటే. మరీ దారుణంగా, బడి పరువు పోతుందని నాలుగూ బాగున్నాయని రాసేవాళ్లు ఉన్నారు. ఆ బడికి ఆ ఏడాది ప్రమాదంలో ఉన్న గదుల జాబితాలో చోటు ఉండదు.

కాబట్టి సెప్టెంబరులో ఫారం నింపే రోజు కమిటీ ఛైర్మన్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. నింపాక ఒక ప్రింటు తీసి దాచండి. సీఆర్‌పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) మీ తరఫున నింపితే, సబ్మిట్ కొట్టే ముందు గదుల పేజీ మీరే చదవండి. తాళం వేసిన గదిని వాడుకలో ఉన్న గదిగా చూపించకండి. తాగునీరు, ప్రహరీ, విద్యుత్తు ప్రశ్నలకు ఉంది అని టిక్కు పెట్టే ముందు అది పనిచేస్తోందా అన్నది చూడండి. పనిచేస్తోందా అని విడిగా అడిగే చోట నిజం రాయండి.

ఏ పనికి ఏ పద్దు

అన్నిటికీ ఒకే చోట చేయి చాపితే ఎక్కడా రాదు. పని సైజును బట్టి పద్దు ఎంచుకోవాలి.

కేంద్రం, రాష్ట్రం కలిసి బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో ఏటా వచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: 30 మంది దాకా 10 వేల రూపాయలు, 31 నుంచి 100 దాకా 25 వేలు, 101 నుంచి 250 దాకా 50 వేలు, 251 నుంచి 1000 దాకా 75 వేలు, ఆపైన లక్ష. ఇందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు పెట్టాలి. గడియలు, కుళాయిలు, కరెంటు బిల్లు, పాడైన సామాను మార్చడం, చిన్న మరమ్మతులు దీని నుంచే. స్లాబు మీది నీళ్ల గొట్టంలో చెత్త తీయించడం, పిట్టగోడ పగుళ్లు పూడ్పించడం వంటి పనులు జూన్ మొదటి వారంలోనే ఈ డబ్బుతో చేయించండి. కొన్ని వేలతో పోయే పని రెండు వానాకాలాలు వదిలేస్తే స్లాబు ఇనుము దాకా పోతుంది. ఈ గ్రాంటుతో కౌన్సెలర్‌కు జీతం ఇవ్వడం కుదరదు, ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది.

కొత్త గదులు, పెద్ద మరమ్మతులు, మరుగుదొడ్ల బ్లాకులు సమగ్ర శిక్ష వార్షిక ప్రణాళికలోకి వెళ్లాలి. మన రెండు రాష్ట్రాల్లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. ఢిల్లీలో ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు ఆమోదించినదే నిలుస్తుంది. కొత్త ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి మీ కాగితం మండలం దాటి జిల్లాకు డిసెంబరు లోపే చేరాలి. ఫిబ్రవరిలో ఇచ్చిన అర్జీ మరో ఏడాదికి పోయినట్టే.

ఎంపీ నిధులు ఏడాదికి ఒక్కో ఎంపీకి 5 కోట్లు. ఎంపీ సిఫారసు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. స్థిరాస్తిగా మిగిలే పని అడగండి: అదనపు గది, ప్రహరీ, మరుగుదొడ్ల బ్లాకు. ఈ నిధుల్లో 15 శాతం ఎస్సీ, 7.5 శాతం ఎస్టీ జనాభా ఉన్న ప్రాంతాలకు ఇవ్వాలనే నియమం ఉంది. మీ బడి ఎస్సీ కాలనీలోనో తండాలోనో ఉంటే అర్జీ మొదటి వాక్యంలోనే ఆ మాట రాయండి.

పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంట్లలో పెద్ద భాగం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కట్టి ఉంటుంది. బడికి పైపులైను, సింటెక్స్ ట్యాంకు, మురుగు కాలువ అడగాల్సింది అక్కడ. గ్రామసభలో తీర్మానం పడాలి. కంపెనీల సామాజిక బాధ్యత నిధుల కోసం కేంద్ర విద్యాశాఖ విద్యాంజలి పోర్టల్‌లో అవసరం నమోదు చేయొచ్చు. అడిగేటప్పుడు 'బడి అభివృద్ధి' అని రాయకుండా 'బాలికలకు 2 యూనిట్ల మరుగుదొడ్డి, ఎస్టిమేట్ జతపరిచాం' అని రాయండి.

ఒక చేదు మాట కూడా. పిల్లలు 20 మందే ఉన్న బడికి కొత్త భవనం అడిగితే ఫైలు మొదటి వడపోతలోనే పోతుంది. అక్కడ ఉన్న రెండు గదులకు పెద్ద మరమ్మతు అడగడం తెలివైన పని.

తీర్మానం ఎలా రాయాలి

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తంలో సగం మహిళలు ఉండాలి. 22వ సెక్షన్ ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సింది ఆ కమిటీయే. అంటే అడగడం మీ బాధ్యతల్లో ఒకటి, ఎవరి దయా కాదు. ఆ ధోరణిలోనే రాయండి, 'దయతో మంజూరు చేయగలరని ప్రార్థన' అక్కర్లేదు.

పైన చెప్పిన బడికే తీర్మానం ఇలా ఉండొచ్చు (ఇందులోని సుప్రీంకోర్టు మార్గదర్శకాల సంగతి తర్వాత చెప్తాను):

'మా బడిలో సెప్టెంబరు 30 నాటికి 128 మంది పిల్లలు, అందులో బాలికలు 66 మంది, ఉపాధ్యాయులు 5 మంది. గదులు 4. ఉత్తరం వైపు 1, 2 నంబరు గదుల స్లాబు పెచ్చులూడి ఇనుము బయటపడినందున వాటికి తాళం వేశాం. మిగిలిన 2 గదుల్లో 3 తరగతులు, వరండాలో 2 తరగతులు నడుస్తున్నాయి. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 3 తరగతి గదుల లోటు ఉంది. పాడైన 2 గదులను ఇంజినీరు పరిశీలించి ధ్రువీకరణ ఇవ్వాలని, 3 గదులు, బాలికలకు మరో మరుగుదొడ్డి యూనిట్, పిల్లలతో విడిగా మాట్లాడేందుకు 10 అడుగులకు 10 అడుగుల గది ఒకటి వచ్చే ఏడాది ప్రణాళికలో చేర్చాలని, సుప్రీంకోర్టు 2025 జులై 25 మార్గదర్శకాల ప్రకారం కౌన్సెలర్ సేవలు ఏర్పాటు చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.'

అంకెలన్నీ యుడైస్‌తో సరిపోవాలి. తీర్మానంలో 128, యుడైస్‌లో 119 ఉంటే గుమాస్తాకు ఫైలు పక్కన పెట్టడానికి కారణం దొరికినట్టే. సంతకాల కింద పేరు, తేదీ వేయించండి. వేలిముద్ర వేసినవాళ్ల పేరు పక్కన సాక్షి సంతకం తప్పనిసరి.

దీనికి జతపరచాల్సినవి: యుడైస్ ప్రింటు, ఫొటోలు, చేత్తో గీసిన స్థలం పటం, భూమి కాగితం. చివరిది అన్నిటికంటే ఎక్కువ సతాయిస్తుంది. ఊరి పెద్ద ఎప్పుడో నోటిమాటగా ఇచ్చిన జాగాలో నడిచే బడులు ఉన్నాయి. మనవడు పట్నం నుంచి వచ్చి హద్దు రాళ్లు పాతేదాకా ఎవరికీ గుర్తుకు రాదు. నిధులు రాకముందే తహసీల్దారు కార్యాలయంలో రికార్డు ఎవరి పేర ఉందో చూసి, అవసరమైతే దాన పత్రం రిజిస్టరు చేయించండి. స్థలం మీదుగా హైటెన్షన్ తీగ పోతుంటే అది కూడా పటంలో చూపించండి.

మూడు ప్రతులు తయారుచేయండి: ఎంఈఓకు (మండల విద్యాధికారికి) ఒకటి, సమగ్ర శిక్ష జిల్లా కార్యాలయానికి ఒకటి, మీ దగ్గర ఒకటి. మీ ప్రతి మీద ఇన్‌వార్డు ముద్ర, నంబరు వేయించుకోకుండా ఆఫీసు బయటికి రాకండి.

ఇంజినీరు వచ్చిన రోజు

ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చినప్పుడు హెచ్‌ఎం ఒక్కరే కాకుండా కమిటీ సభ్యులు ఇద్దరైనా ఉండండి. పాత గదులు కూల్చాలంటే అవి పనికిరావన్న ఇంజినీరు ధ్రువీకరణ, పై అధికారి అనుమతి ఉండాలి. ఊరంతా కలిసి కూల్చేసి తర్వాత కాగితం అడిగితే ప్రభుత్వ ఆస్తి నష్టం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

ఎస్టిమేట్ రాష్ట్ర ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ పనుల ప్రామాణిక ధరల పట్టిక) రేట్ల ప్రకారం తయారవుతుంది. అందులో ఇవి ఉన్నాయో లేదో వరస వరసగా అడగండి: విద్యుత్తు వైరింగు, ఫ్యాన్లు, ర్యాంపు, దానికి చేతిపట్టీ, స్లాబు పైన వాటర్‌ప్రూఫింగు, మరుగుదొడ్లకు నీటి కనెక్షను, జీఎస్టీ. వీటిలో ఒకటి వదిలేస్తే పని పూర్తయినట్టు రాసి గది మాత్రం వాడుకకు రాదు.

వసతి గృహమో రెసిడెన్షియల్ బడో అయితే మరో మూడు కలపండి: డాబా మెట్లకు తాళం పడే తలుపు, పైఅంతస్తు వరండాలకు గ్రిల్లు, ఫ్యాన్లకు బరువు పడితే తట్టుకోకుండా దిగిపోయే రక్షణ పరికరం. ఫ్యాన్లు, డాబాలు, బాల్కనీల గురించి సుప్రీంకోర్టు మార్గదర్శకాల్లోనే ఉంది కాబట్టి ఎస్టిమేట్‌లో కలపడానికి ఇంజినీరు అభ్యంతరం చెప్పే అవకాశం తక్కువ.

డబ్బు పడ్డాక

కమిటీ ఖాతా హెచ్‌ఎం, ఛైర్మన్ ఇద్దరి పేరునా ఉంటుంది, చెల్లింపులు పీఎఫ్‌ఎంఎస్ (ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ) ద్వారా నేరుగా అమ్మినవాళ్ల ఖాతాకు పోతాయి. నగదు తీసి మేస్త్రీకి చేతికి ఇవ్వడానికి వీలుండదు, ఇవ్వాలని ఎవరైనా అడిగినా ఒప్పుకోకండి. తీర్మానాల పుస్తకం, క్యాష్‌బుక్, స్టాకు రిజిస్టరు, బిల్లుల ఫైలు ఈ నాలుగూ పని మొదలైన రోజే తెరవండి. మార్చిలో కూర్చుని వెనక తేదీలతో రాసిన స్టాకు రిజిస్టరు ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉంటుంది. ఆడిటర్‌కు మొదట కనిపించేది అదే.

కాంక్రీటు పోసే రోజు తల్లిదండ్రుల్లో ఒకరు మిల్లర్ పక్కనే కూర్చోవాలి. చూడాల్సింది ఒక్కటే: నీళ్లు. ఎం20 అనే రకం కాంక్రీటు నామినల్ మిశ్రమానికి 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లు, అంటే పది లీటర్ల బకెట్లు మూడు. ఇసుకలో ఉన్న తడి కూడా ఇందులోకే వస్తుంది. జారుగా ఉంటే పోయడం తేలిక కాబట్టి పనివాళ్లు నాలుగో బకెట్, ఐదో బకెట్ పోస్తారు. ఎండాక ఆ అదనపు నీళ్లు ఉన్నచోట సందులు మిగిలి స్లాబు బలం పోతుంది, కొన్నేళ్లకు ఇనుము తుప్పు పడుతుంది. మీరు మొన్న ఫొటో తీసిన పెచ్చులు అలా పుట్టినవే.

20 అడుగులకు 25 అడుగుల గది స్లాబు, బీములు కలిపితే 6 ఘనపు మీటర్లు దాటుతుంది. ఆ పరిమాణానికి కనీసం రెండు నమూనాలు, మొత్తం 6 క్యూబులు (బలం పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మలు) తీయాలి. క్యూబుల మీద తేదీ గీయించి మీరూ ఒక ఫొటో తీసుకోండి. క్యూరింగ్ (నీళ్లతో తడిపి ఉంచడం) ఓపీసీ అనే మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఇప్పుడు ఎక్కువగా దొరికే, బూడిద కలిపిన పీపీసీకి 10 రోజులకు తగ్గకూడదు. సెంట్రింగ్ విషయంలో తొందర ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే ఆ పలకలు అద్దెవి. 6 మీటర్ల లోపు బీముకు 14 రోజులు, 6 మీటర్లు దాటితే 21 రోజులు సపోర్టులు ఉంచాలి. 20 అడుగులంటే 6.1 మీటర్లు, కాబట్టి 21 రోజులే.

బిల్లు ఎం-బుక్‌లో (ఇంజినీరు కొలతల పుస్తకంలో) ఎక్కిన కొలతల మీదే. ఇంజినీరు కొలిచేటప్పుడు మీరూ టేపు రెండో కొస పట్టుకోండి.

పని ముగిసి డబ్బు ఖర్చయ్యాక యూసీ (నిధుల వినియోగ ధ్రువపత్రం) వెంటనే పంపండి: వచ్చింది ఎంత, ఖర్చు ఎంత, మిగిలింది ఎంత. పాత విడతకు యూసీలు చేరకపోతే పై నుంచి తర్వాతి విడత ఆగుతుంది, పక్క ఊరి బడి గది కూడా మీ కాగితం కోసం ఆగుతుంది.

కౌన్సెలర్ విషయం: చట్టం ఏం చెబుతోంది

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023 జులైలో మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ, చట్టం వచ్చేదాకా దేశమంతా పాటించాల్సిన 15 మార్గదర్శకాలు పెట్టింది. బడులు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నిటికీ వర్తిస్తాయి. మీ తీర్మానానికి పనికొచ్చేవి ఇవి. 100 మంది, అంతకు మించి పిల్లలున్న సంస్థ పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలి. అంతకంటే చిన్నది బయటి నిపుణులతో లిఖితపూర్వకంగా అనుసంధానం ఉంచుకోవాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం చేయకూడదు. సహాయవాణి నంబర్లు తరగతుల్లో, హాస్టళ్లలో కనిపించేలా రాయాలి.

మరి డబ్బు? ఒక్కో బడికి ఒక్కో కౌన్సెలర్ పోస్టు అడిగితే ఆర్థిక శాఖ దగ్గర ఆగుతుంది. స్కూల్ కాంప్లెక్సులోని బడులన్నీ కలిసి, ఒకే మాటల తీర్మానాలతో, ఒకరు వారంలో రోజుకో బడి తిరిగేలా సమగ్ర శిక్ష ప్రణాళికలో అడగడం జరిగే పని. ఆ మనిషి వచ్చేదాకా ఖర్చు లేకుండా దొరికేవి చాలానే ఉన్నాయి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 కు రోజంతా ఎప్పుడైనా, తెలుగులో, ఉచితంగా ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరు 10 నుంచి నడుస్తోంది. కేంద్ర విద్యాశాఖ మనోదర్పణ్ సహాయవాణి నంబరు 8448440632. పిల్లల మీద హింస, వేధింపు అయితే పిల్లల సహాయవాణి 1098. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టు ఓపీ ఉంటుంది. ఏ రోజు, ఏ గదిలో చూస్తారో తెలుసుకుని గోడకు రాసిపెట్టుకోండి. ఆర్‌బీఎస్‌కే (ప్రభుత్వ పిల్లల ఆరోగ్య తనిఖీ కార్యక్రమం) బృందం ఏడాదికొకసారి బడికి వస్తుంది, కంటిచూపు, పళ్లతో పాటు చదువులో వెనకబాటు, ప్రవర్తన మార్పుల గురించి కూడా వాళ్లకు చెప్పండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మండలంలో భవిత కేంద్రం, ఆ పిల్లల కోసమే ఉండే ఐఈఆర్‌టీ టీచర్లు ఉన్నారు. అక్షరాలు తారుమారు చేసే పిల్లాణ్ణి మొద్దు అని తేల్చేముందు ఒకసారి అక్కడ చూపించండి.

మీ బడిలో ఇద్దరు టీచర్లు, వీలైతే ఒక మహిళ, ఒక పురుషుడు, ఆరోగ్య రాయబారులుగా శిక్షణ పొంది ఉండాలి. 2020లో మొదలైన స్కూల్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కార్యక్రమంలో 11 అంశాలున్నాయి, మానసిక ఆరోగ్యం అందులో ఒకటి. వారానికి ఒక గంట టైంటేబుల్‌లో ఉండాలి. ఆ గంటను లెక్కల సిలబస్‌కు అప్పివ్వడం మామూలైపోయింది. టైంటేబుల్ మీద కమిటీ సంతకం ఉంటే కొంచెం నిలబడుతుంది.

స్వచ్ఛందంగా వస్తామనే వాళ్లు దొరుకుతారు. సైకాలజీలోనో సోషల్ వర్క్‌లోనో పీజీ పట్టా చూడండి, క్లినికల్ సైకాలజిస్టునని చెబితే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, పోలీసు ధ్రువీకరణ లేకుండా పిల్లలతో ఒంటరిగా కూర్చోనివ్వకండి. మైకు పట్టుకుని రెండు గంటలు ఉద్వేగంగా మాట్లాడి పిల్లల్ని ఏడిపించి వెళ్లిపోయే ప్రసంగకర్తల మీద పైసా ఖర్చు పెట్టకండి. తెరిచిన గాయం మర్నాడు చూసే మనిషి ఉండడు.

ఆ చిన్న గది, మొదటి మాట

గది హెచ్‌ఎం ఆఫీసులోంచి వెళ్లేలా ఉండకూడదు, అందరూ ఆడుకునే చోటికి ఎదురుగా ఉండకూడదు. తలుపులో కంటి ఎత్తున అద్దం పెట్టించండి: బయటివాళ్లకు కనిపించాలి, వినిపించకూడదు. లోపలి నుంచి గడియ అక్కర్లేదు. మూడు కుర్చీలు, మధ్యలో బల్ల వద్దు. బయట 'కౌన్సెలింగ్' అని బోర్డు పెడితే ఆ గుమ్మం తొక్కిన పిల్లకు సాయంత్రానికి ఊళ్లో పేరు పడిపోతుంది. చదువుల గది అనో మాటల గది అనో పేరు పెట్టి, లైబ్రరీ పుస్తకాలు కొన్ని అక్కడే ఉంచండి. పుస్తకం కోసం వెళ్లానని చెప్పుకోగలగాలి.

రిజిస్టరులో పేరు బదులు సంకేతం రాసి, బీరువాలో తాళం వేయండి. అదే సంకేతాల లెక్కతో ఏడాదికి ఎంతమందితో మాట్లాడాం, ఎంతమందిని ఆసుపత్రికి పంపాం అన్నది పై అధికారులకు రాస్తే వచ్చే ఏడాది కౌన్సెలర్ కోసం అదే ఆధారం.

టీచరు వైద్యం చేయక్కర్లేదు. గమనించడం, వినడం, సరైన చోటికి చేర్చడం, అంతే. నిద్ర, తిండి, స్నేహాలు, చదువు వీటిలో మార్పు రెండు వారాలు దాటి ఉంటే పిలిచి మాట్లాడండి. 'ఏమైంది నీకు, ఎందుకిలా తయారయ్యావు' అని కాదు. 'ఏమ్మా, ఈ మధ్య భోజనం దగ్గర ఒక్కదానివే కూర్చుంటున్నావు, చూస్తున్నా. ఏమైనా చెప్పాలనుందా? ఇప్పుడు కాకపోయినా సరే' అనండి. చెప్పడం మొదలుపెట్టాక సలహా ఇవ్వకండి, మీ చిన్నప్పటి కష్టాలు అసలు చెప్పకండి. 'ఎవరికీ చెప్పను' అని ముందే మాట ఇవ్వడం పెద్ద తప్పు. 'నీకు ప్రమాదం అనిపిస్తే మాత్రం సాయం చేయగలిగినవాళ్లకు చెప్తాను, నీకు చెప్పే చెప్తాను' అనండి. లైంగిక వేధింపు బయటపడితే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి, ఊళ్లో మాట్లాడి సర్దేద్దామనడం నేరం.

చచ్చిపోవాలన్న మాట వచ్చినా, ఆ అనుమానం కలిగినా నేరుగా అడగండి: 'చచ్చిపోవాలని అనిపిస్తోందా?' అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు; అడిగినందుకు చాలామంది పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే ఒంటరిగా వదలకండి, తల్లిదండ్రులను బడికే పిలిపించండి, పక్కన కూర్చుని 14416 కు ఫోన్ చేయండి, అదే రోజు ఆసుపత్రికి చేర్చండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, మాత్రలు తాళం వేసి పెట్టమని తండ్రికి విడిగా చెప్పండి. పొలం ఇళ్లలో ఆ డబ్బా మంచం కిందే ఉంటుంది, దాన్ని చేతికందకుండా చేయడం నిజంగా ప్రాణాలు కాపాడే పని. మర్నాడు పిల్ల బడికి వస్తే హాజరు పిలిచేటప్పుడు ప్రత్యేకంగా ఏమీ అనకండి, మధ్యాహ్నం ఒకసారి పలకరించండి, వారం దాకా రోజూ.

ఫైలు కదలకపోతే

ఎంఈఓ దగ్గర 15 రోజులు, జిల్లాలో నెల చూడండి. తర్వాత ఇన్‌వార్డు నంబరు వేసి గుర్తుచేస్తూ లేఖ రాయండి. సోమవారం కలెక్టరేట్‌లో ఏపీలో పీజీఆర్‌ఎస్, తెలంగాణలో ప్రజావాణి పేరుతో జనం అర్జీలు తీసుకుంటారు; అర్జీతో పాటు తీర్మానం నకలు, ఫొటోలు ఇచ్చి రసీదు తీసుకోండి. అప్పటికీ జవాబు లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు: జిల్లా స్థాయికి 10 రూపాయలు, మండలానికి 5, గ్రామ స్థాయిలో ఫీజు లేదు. 'మా బడికి నిధులు ఎందుకు ఇవ్వలేదు' అని అడగకండి, ఎందుకు అన్నదానికి జవాబు ఇవ్వనక్కర్లేదంటారు. 'ఫలానా ఇన్‌వార్డు నంబరు ఫైలు నోట్‌షీటు నకలు, మా యుడైస్ కోడ్ ఈ ఏడాది ప్రణాళికలో ఏ వరసలో ఉందో ఆ పేజీ నకలు ఇవ్వండి' అని అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. ఆ పేజీలో మీ 11 అంకెల కోడ్ లేకపోతే, సెప్టెంబరు 30 ప్రింటు తీసి గదుల పేజీ మళ్లీ చదవండి. తప్పు ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.